మాట ముందు, పెదవి వెనక: ఇంటి సర్వర్‌లో సినిమా పెడితే నాన్నగారు లేచి వెళ్లిపోతున్నారు

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఇంట్లో ఉన్న డిస్కులన్నీ కాపీ చేసి, ఫోన్లలో తీసిన కుటుంబ వీడియోలు కూడా కలిపి, ఒక చిన్న కంప్యూటర్‌ను మీడియా సర్వర్‌గా, అంటే సినిమాలు దాచి ఇంట్లోని తెరలకు పంపే పెట్టెగా పెట్టుకున్నారు. హాల్లో టీవీ, దానికి తగిలించిన స్ట్రీమింగ్ స్టిక్, టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ ద్వారా సౌండ్‌బార్ ఉన్నాయి. ఇదంతా ముఖ్యంగా వాళ్ల నాన్నగారి కోసం. ఆయనకు వినికిడి తక్కువ. రెండు చెవులకూ యంత్రాలు ఉన్నా, సగం మాట పెదవులు చూసే పట్టుకుంటారు.

ఆమె చెప్పిన ఇబ్బందులు ఇవి. హాల్లో ఏ సినిమా పెట్టినా మాట ముందు వినిపిస్తుంది, పెదవి తర్వాత కదులుతుంది. సౌండ్‌బార్ ఆపేసి టీవీ స్పీకర్లలో వింటే బాగానే ఉంటుంది. ఇంకొన్ని సినిమాల్లో మొదటి నుంచి చూస్తే ఏ తేడా లేదు కానీ, కాస్త ముందుకు జరిపినా, నిన్న ఆపిన చోటు నుంచి మొదలుపెట్టినా శబ్దానికీ బొమ్మకూ ఒకటి రెండు సెకన్లు, ఒక్కోసారి ఐదారు సెకన్ల తేడా వస్తోంది. సబ్‌టైటిల్స్ పెడితే మాత్రం అదే సినిమా ఎక్కడికి జరిపినా సరిగా వస్తోంది, కాకపోతే సర్వర్ ఫ్యాను హోరుమంటోంది. ఒక పాత సినిమా మొదట్లో చక్కగా ఉండి, గంట గడిచేసరికి మాట మూడున్నర సెకన్లు, 2 గంటల 10 నిమిషాల సినిమా ముగిసేసరికి దాదాపు 8 సెకన్లు వెనకబడుతోంది. చెల్లెలు ఫోన్‌లో తీసిన 40 నిమిషాల వీడియో ఫోన్‌లో బాగానే ఉంటుంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ముక్కలు కలిపిన తర్వాత ఒకచోట కలుస్తుంది, ఒకచోట తప్పుతుంది.

తమ్ముడు సౌండ్‌బార్‌లో ఒక అంకె, స్టిక్‌లోని యాప్‌లో ఇంకో అంకె పెట్టి చూశాడు. ఒకటి కుదిరితే ఇంకొకటి చెడింది. సర్వర్ బలం చాలడం లేదు, కొత్తది కొనాలి అంటున్నాడు. చెల్లెలేమో చెవి యంత్రాలకు నేరుగా శబ్దం పంపే టీవీ స్ట్రీమర్ కొందామంటోంది. "సర్వర్ మార్చాలా, స్ట్రీమర్ కొనాలా, లేక ఇదంతా తీసేసి పాత డిస్క్ ప్లేయరే పెట్టుకోవాలా? నాన్న పక్కన కూర్చుని సినిమా చూసి నెలన్నర అయింది" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీరు గమనించిన తీరు చాలా బాగుంది. ముఖ్యంగా సబ్‌టైటిల్స్ పెడితే సరిగా వస్తోందన్న ఒక్క మాటతో సగం చిక్కు విడిపోయింది. మీ ఇంట్లో ఉన్నది ఒక తేడా కాదు, నాలుగు వేర్వేరు తేడాలు. పైకి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అందరూ ఒకే మందు వెతుకుతున్నారు. అందుకే ఒకటి కుదిరితే ఇంకొకటి చెడుతోంది. తమ్ముడి తప్పేమీ లేదు, ఎక్కడైనా మొదట జరిగేది ఇదే.

ముందు నాన్నగారి గురించి. ఆయన లేచి వెళ్లిపోవడం విసుగు వల్ల కాదు. ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ దృశ్యం తర్వాతే వస్తుంది. ఆకాశంలో మెరుపు కనిపించాకే ఉరుము వినిపిస్తుంది. గదిలో మూడున్నర మీటర్ల దూరం నుంచి మాట మన చెవికి చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. కన్ను ముందు, చెవి వెనక అన్న వరుసకు మన బుర్ర పుట్టినప్పటి నుంచీ అలవాటు పడింది. అందుకే శబ్దం ఆలస్యమైతే చాలావరకు ఓర్చుకుంటాం, ముందొస్తే వెంటనే పట్టేస్తాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి బీటీ.1359 సిఫారసులో ఈ లెక్క ఉంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే చూసేవారికి తెలిసిపోతుంది, అదే వెనకబడితే 125 దాకా తెలియదు. ఇది మామూలుగా వినగలిగేవారి సంగతి. పెదవిని చూసి మాటను ఊహించుకుని, చెవిలో పడిన ముక్కతో దాన్ని సరిచూసుకునే మనిషికి మాటే ముందొచ్చేస్తే ఆ పద్ధతంతా తలకిందులవుతుంది. కాబట్టి మీ నాలుగు తేడాల్లో హాల్లోదే అన్నిటికన్నా ముందు సరిచేయవలసింది.

పని మొదలుపెట్టే ముందు, ఇప్పటిదాకా పెట్టిన అంకెలన్నీ సున్నా చేయండి. నాలుగు చోట్ల వెతకాలి: సౌండ్‌బార్ రిమోట్‌లోనో దాని యాప్‌లోనో ఉండే ఆడియో డిలే, టీవీ సౌండ్ మెనూలో ఏవీ సింక్ లేదా డిజిటల్ ఆడియో డిలే, స్టిక్ సెట్టింగుల్లో ఆడియో సింక్, చివరగా సినిమా చూసే యాప్‌లో ఆడియో ఆఫ్‌సెట్. ఈ చివరిది కొన్ని యాప్‌లలో ఒక్కో వీడియోకూ విడిగా గుర్తుండిపోతుంది. కోడి అనే ప్లేయర్ యాప్‌లో అయితే "అన్ని వీడియోలకూ ఇదే" అని కూడా దాచేయవచ్చు. ఇందులో ఒక్కటి మిగిలినా ఆ తర్వాత మీరు కొలిచేదంతా తప్పే.

రెండో పని: తప్పు ఫైల్లో ఉందా, దారిలో ఉందా తేల్చడం. సర్వర్‌లోని ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్‌తో నేరుగా తెరవండి. వైరు ఉన్న హెడ్‌ఫోన్ వాడండి, బ్లూటూత్ వద్దు. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ తనంతట తానే 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యం చేయగలదు. అలా వింటే మీ కొలతలోకి ఇంకో తేడా చేరుతుంది. మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట చూడండి. మూడు చోట్లా సరిగా ఉంటే ఫైల్‌కు ఏ దోషమూ లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి పాత సినిమా, చెల్లెలి వీడియో ఈ పరీక్షలో తప్పుతాయి, మిగతావి నిలుస్తాయి.

హాలు కోసం ఒక చిన్న వీడియో మీరే తయారుచేసుకోండి. ఫోన్ కదలకుండా పెట్టి, కెమెరా ముందు అర నిమిషం పాటు చప్పట్లు కొట్టండి. చప్పట్ల మధ్య ఎడం ఒకేలా ఉండకూడదు. రెండు సెకన్లు, నాలుగు, మూడు, అలా. ఎడం సమానంగా ఉంటే ఏ శబ్దం ఏ చప్పట్టుదో కళ్లు మోసపోతాయి. అరచేతులు తాకే ఆ ఒక్క ఫ్రేము, అంటే వీడియోలోని ఒక్క నిలకడ బొమ్మ, మీ గుర్తు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 33 మిల్లీసెకన్లు. చేతులు ఇంకా దూరంగా ఉండగానే టప్‌మని వినిపించిందంటే శబ్దం ముందొస్తోంది. అరచేతులు కలిసి మళ్లీ విడిపోతుండగా వినిపిస్తే వెనకబడింది. సినిమాలో మాటలు చూసి కొలవడం కన్నా ఇది పది రెట్లు తేలిక. డబ్బింగ్ చెప్పిన సినిమాలో పెదవి ఎలాగూ సరిగ్గా కలవదు, దాంతో కొలవనే కూడదు.

ఇక హాల్లో జరుగుతున్నది ఇది. ఇప్పటి టీవీలు వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపవు. కదలికలు నున్నగా కనిపించాలని రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేమును కల్పిస్తాయి. అలా కల్పించాలంటే తర్వాతి ఫ్రేము కూడా చేతికి రావాలి కదా, అందాకా ముందుదాన్ని ఆపి పెట్టుకోవలసిందే. దాని పైన మచ్చలు తీయడం, అంచులు దిద్దడం లాంటి పనులకు మరికొంత సమయం. టీవీ తన సొంత స్పీకర్లకు పంపే శబ్దాన్ని కూడా అంతసేపు ఆపి పెడుతుంది కాబట్టి అక్కడ కలుస్తోంది. ఆప్టికల్ కేబుల్‌లోకి పంపేదాన్ని ఆపుతుందా లేదా అన్నది టీవీని బట్టి, సెట్టింగును బట్టి మారుతుంది. మీ టీవీ ఆపడం లేదు. అంటే మీ ఇంట్లో శబ్దం తొందరపడటం లేదు, బొమ్మే ఆలస్యమవుతోంది. ఇందులో సర్వర్ ప్రమేయం ఏమీ లేదు. పాత డిస్క్ ప్లేయర్ తెచ్చి ఇదే టీవీకి తగిలించి, ఇదే సౌండ్‌బార్‌లో విన్నా ఇలాగే ఉంటుంది.

మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, టీవీలో కదలికలు నున్నగా చేసే సెట్టింగును ఆపడం. పిక్చర్ మెనూలో మోషన్ అన్న పేరుతో ఉంటుంది. ఖర్చు లేదు, సినిమా కూడా తీసినవాళ్లు అనుకున్నట్టు కనిపిస్తుంది. నేనైతే ముందు ఇదే చేయమంటాను. గేమ్ మోడ్ పెడితే ఆలస్యం ఇంకా తగ్గుతుంది కానీ రంగులు, చీకటి దృశ్యాల నాణ్యత కొంత పోవచ్చు. నాన్నగారికి ముఖాలు స్పష్టంగా కనిపించడం ముఖ్యం కాబట్టి దాన్ని చివరి మాటగా ఉంచుకోండి.

రెండోది, సౌండ్‌బార్‌లోని డిలేతో మిగిలిన తేడాను పూడ్చడం. చప్పట్ల వీడియో నడుస్తుండగా పదేసో ఇరవయ్యేసో మిల్లీసెకన్లు పెంచుతూ పోండి. కలిసిందనిపించిన చోట ఆగకుండా ఇంకా పెంచండి, శబ్దం వెనకబడిందని స్పష్టంగా తెలిసేదాకా. ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో సరైనది ఉంటుంది. సరిగ్గా నడిమికి కాకుండా ఒక ఇరవై ముప్పై ఎక్కువ వైపే ఉంచండి, శబ్దం ఆ మాత్రం వెనకబడితే ఎవరికీ తెలియదు, ముందుంటే నాన్నగారికి తెలుస్తుంది.

మూడోది, ఆప్టికల్ తీసేసి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని అదే కేబుల్‌లో సౌండ్‌బార్‌కు పంపే ఏర్పాటు) ద్వారా కలపడం. ఆప్టికల్‌లో శబ్దం ఒకవైపే పోతుంది, ఈ రెండు పెట్టెలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. హెచ్‌డీఎంఐలో తమ ఆలస్యం ఎంతో చెప్పుకునే ఏర్పాటు 1.3 వెర్షన్ నుంచే ఉంది, కానీ దాన్ని పాటించడం తయారీదారుల ఇష్టానికి వదిలేశారు. ఏఆర్‌సీకి కొత్త రూపమైన ఈఏఆర్‌సీలో తప్పనిసరి చేశారు. మీ టీవీకీ సౌండ్‌బార్‌కూ రెండింటికీ ఈఏఆర్‌సీ ఉంటే ఈ దారి మేలు. ఒకదానికే ఉంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు, రెండో దారితోనే సరిపెట్టుకోండి. ఏ దారి పట్టినా టీవీ డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను ఒకసారి పీసీఎంకు (కుదించని మామూలు శబ్దానికి) మార్చి కొలిచి చూడండి. డాల్బీ పద్ధతిలో కుదించిన శబ్దాన్ని విప్పే పని టీవీలో ఒకసారి, సౌండ్‌బార్‌లో ఒకసారి జరగకుండా తగ్గుతుంది. దానికి బదులుగా ఆప్టికల్ మీద పీసీఎం అంటే రెండు ఛానళ్లే వస్తాయి. సౌండ్‌బార్‌లో మాటల కోసం విడిగా మధ్య స్పీకరు ఉండి, నాన్నగారికి దానివల్ల మాట తేటగా వినిపిస్తుంటే డాల్బీనే ఉంచి, డిలేను దానికి తగ్గట్టు పెట్టండి.

ఇందులో ఒక మెలిక ఉంది. స్టిక్‌లో ఫ్రేమ్ రేట్ మ్యాచింగ్ ఆన్‌లో ఉంటే, సినిమా వచ్చినప్పుడు టీవీ సెకనుకు 24 సార్లకు మారుతుంది, మిగతా వాటికి 60కి వెళ్తుంది. టీవీ రెండు ఫ్రేములు ఆపుకుంటుందనుకుందాం. 60 దగ్గర అది 33 మిల్లీసెకన్లు, 24 దగ్గర 83. అంటే చప్పట్ల వీడియోతో కచ్చితంగా కుదిర్చిన డిలే సినిమాకు 50 మిల్లీసెకన్లు చాలకపోవచ్చు. కాబట్టి చివరి కొలత ఒక సినిమాతోనే తీసుకోండి. తలుపు ధడాల్మని పడే దృశ్యమో, బల్లమీద గ్లాసు పెట్టే దృశ్యమో వెతికి, అక్కడ సరిచూసి వదిలేయండి. మీ ఇంట్లో ఎక్కువగా చూసేది సినిమాలే.

రెండో తేడాకు వద్దాం. ముందుకు జరిపితే తప్పడం, సబ్‌టైటిల్స్ పెడితే కుదరడం. సినిమా నడుస్తుండగా సర్వర్ ఏం చేస్తోందో చూడండి. మీ సర్వర్ సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్ అయితే ప్లేయర్ మెనూలో ప్లేబ్యాక్ ఇన్ఫో, ప్లెక్స్ అయితే సర్వర్ డాష్‌బోర్డ్ ఆ సంగతి చెబుతాయి. ఈ సినిమాల్లో వీడియో ఉన్నది ఉన్నట్టు పంపుతున్నట్టూ, ఆడియోను మాత్రం డీటీఎస్ నుంచి ఏఏసీకో మరోదానికో (ఇవి శబ్దాన్ని కుదించే పద్ధతులు) మారుస్తున్నట్టూ కనిపించాలి. చాలా టీవీలు, స్టిక్‌లు డీటీఎస్‌ను విప్పలేవు, అందుకని సర్వర్ దాన్ని అప్పటికప్పుడు మార్చి ఇస్తుంది.

జరిపినప్పుడు ఏమవుతుందంటే, కుదించిన వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కీఫ్రేము ఒక్కటే నిండు బొమ్మ, దాని తర్వాతివన్నీ "ముందు దానికన్నా ఇంత మారింది" అని చెప్పేవి. మార్చకుండా పంపే వీడియోను కీఫ్రేము దగ్గర తప్ప మధ్యలో మొదలుపెట్టలేం. మీరు 41వ నిమిషం 7వ సెకనుకు జరిపారు, కీఫ్రేము 41వ నిమిషం 2వ సెకను దగ్గర ఉంది. బొమ్మ అక్కడి నుంచి బయలుదేరుతుంది. కొత్తగా తయారవుతున్న శబ్దం మాత్రం సరిగ్గా 7వ సెకను నుంచే బయలుదేరుతుంది. ఈ అయిదు సెకన్లను కలపవలసిన చోట సర్వరో యాప్‌లోని ప్లేయరో పొరబడితే అదే తేడా సినిమా అయ్యేదాకా సాగుతుంది. డిస్క్ నుంచి నేరుగా తీసిన బ్లూరేలో కీఫ్రేములు సెకనుకో రెండు సెకన్లకో ఒకటి ఉంటాయి కాబట్టి తేడా చిన్నది. సైజు తగ్గించడానికి మళ్లీ ఎన్‌కోడ్ చేసిన (కొత్తగా కుదించిన) ఫైళ్లలో, ఎక్స్264 అనే ఎన్‌కోడర్ మామూలు సెట్టింగు ప్రకారం 250 ఫ్రేముల దాకా, అంటే పది సెకన్లకు పైగా ఎడం ఉండవచ్చు. మీకు ఒక్కో సినిమాలో ఒక్కోలా తేడా వస్తున్నది ఇందుకే. నిన్న ఆపిన చోటు నుంచి మొదలుపెట్టడం కూడా జరపడమే.

సబ్‌టైటిల్స్ సంగతి చూడండి. డిస్కుల్లోని సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. స్టిక్ వాటిని చూపలేకపోతే సర్వర్ వాటిని వీడియోలోనే అచ్చువేస్తుంది. అలా వేయాలంటే వీడియో మొత్తాన్నీ కొత్తగా ఎన్‌కోడ్ చేయాలి. అప్పుడు మీరు జరిపిన చోటే కొత్త కీఫ్రేము పుడుతుంది, శబ్దమూ బొమ్మా ఒకేచోట మొదలవుతాయి. ఫ్యాను హోరు కూడా అందుకే.

దీనికి తాత్కాలికంగా ఒక చిట్కా ఉంది: తేడా వచ్చినప్పుడు పది సెకన్లు వెనక్కు జరిపి చూడటం. కొన్నిసార్లు కలుస్తుంది. కానీ నాన్నగారు ఒక్కరే చూసేటప్పుడు ఇది కుదిరే పని కాదు. సరైన పరిష్కారం, శబ్దాన్ని మార్చవలసిన అవసరమే సర్వర్‌కు రాకుండా చేయడం. స్టిక్‌లోనూ యాప్‌లోనూ ఆడియో పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా అలాగే ముందుకు పంపడం) ఆన్ చేసి, సౌండ్‌బార్ డీటీఎస్ విప్పగలిగి, మధ్యనున్న టీవీ దాన్ని ముందుకు పంపగలిగితే అక్కడితో తీరిపోతుంది. ఈ మూడింటిలో టీవీ దగ్గరే ఎక్కువగా ఆగిపోతుంది. ముందు ఒక సినిమాతో పరీక్షించండి, శబ్దం అసలే రాకపోతే ఆ దారి మూసుకున్నట్టే.

అప్పుడు ప్రతి ఫైల్‌కూ రెండో ఆడియో ట్రాక్ చేర్చాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే, ఆదేశాలతో నడిచే ప్రోగ్రామ్‌తో వీడియోను, పాత డీటీఎస్ ట్రాక్‌ను కాపీ అని చెప్పి, అదే డీటీఎస్ నుంచి ఏసీ3 (డాల్బీ) ట్రాక్ ఒకటి సెకనుకు 640 కిలోబిట్ల దగ్గర తయారుచేయండి. వీడియోను ముట్టుకోరు కాబట్టి నాణ్యత పోదు, ఒక్కో సినిమాకు కొద్ది నిమిషాల పనే. రెండు గంటల సినిమాకు ఫైల్ సైజు 576 మెగాబైట్లు పెరుగుతుంది. కొత్త ట్రాక్‌ను డిఫాల్ట్‌గా గుర్తు పెట్టండి, లేకపోతే స్టిక్ మళ్లీ డీటీఎస్‌నే అడుగుతుంది. ఇక్కడ చాలామంది రెండు తప్పులు చేస్తారు. ఒకటి, ఈ పనికి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్ వాడటం. అది వీడియోను కూడా మళ్లీ ఎన్‌కోడ్ చేసి తీరుతుంది, గంటలు పోతాయి, నాణ్యతా పోతుంది. రెండోది, ఆడియోను విడి ఫైల్‌గా బయటకు తీసి, మార్చి, తిరిగి కలపడం. అసలు ఫైల్లో శబ్దం వీడియో కన్నా 80 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలయ్యేలా రాసి ఉంటే, బయటకు తీసినప్పుడు ఆ రాత పోతుంది. లేని తేడా మీ చేతులతో మీరే తెచ్చుకున్నట్టు అవుతుంది. మొత్తం ఒకే ఆదేశంలో జరగాలి.

సినిమాలు వందల్లో ఉండి ఇంత పని వద్దనుకుంటే ఇంకో దారి ఉంది: స్టిక్‌ మీద డీటీఎస్‌ను తనే విప్పుకోగల కోడి లాంటి ప్లేయర్ పెట్టుకోవడం. సర్వర్ ఫైల్‌ను అలాగే పంపుతుంది, జరిపే పని ప్లేయరే చూసుకుంటుంది. కాకపోతే నాన్నగారికి కొత్త మెనూ నేర్పాలి. అలవాటైన తెరను మార్చడం ఆయనకు ఎంత కష్టమో మీకే బాగా తెలుసు, దాన్ని బట్టి తేల్చుకోండి.

మూడోది పాత సినిమా. మీరు రాసిన అంకెలే జవాబు చెప్పేస్తున్నాయి. గంటకు మూడున్నర సెకన్లు, 2 గంటల 10 నిమిషాలకు దాదాపు 8. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. డిస్కుల మీద చాలాసార్లు ఉండేది 23.976, అంటే 24000ను 1001తో భాగిస్తే వచ్చేది. రెండింటికీ తేడా వెయ్యికి ఒక వంతు, గంటకు 3.6 సెకన్లు, మీ సినిమా మొత్తానికి 7.8. ఎవరో 23.976 వేగపు శబ్దాన్ని 24 వేగపు వీడియోతో కలిపారు. బొమ్మ కొంచెం కొంచెంగా ముందుకు పోతోంది, మాట వెనకబడుతోంది. దీనికి డిలే ఎంత పెట్టినా ప్రయోజనం లేదు. ఒకచోట కలిపితే పది నిమిషాల తర్వాత మళ్లీ తప్పుతుంది.

ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిచి, వీడియో ట్రాక్‌ను ఎంచుకుని, స్ట్రెచ్ బై అన్న గడిలో 1001/1000 అని రాసి కొత్త ఫైల్ చేయండి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, ఏ ఫ్రేము ఏ క్షణాన రావాలో ఆ సమయాలనే మారుస్తుంది కాబట్టి నాణ్యత చెక్కుచెదరదు. సబ్‌టైటిల్స్ ఇప్పటిదాకా బొమ్మతో కలుస్తూ వచ్చి ఉంటే వాటికి కూడా అదే అంకె ఇవ్వండి, శబ్దంతో కలుస్తూ వచ్చి ఉంటే వదిలేయండి. ఆడియో ట్రాక్‌కు మాత్రం ఈ గడి వాడవద్దు. ఎంకేవీటూల్‌నిక్స్ రాసినవాళ్లే ఆ మాట చెబుతారు: శబ్దాన్ని అలా సాగదీస్తే ప్లేయర్లు సరిగా పలకవు. ఇంకే సినిమాలోనైనా గంటకు రెండున్నర నిమిషాల తేడా కనిపిస్తే అది 25కూ 24కూ మధ్య తగువు. తేడా క్రమంగా కాకుండా ఒక దృశ్యం దగ్గర గభాల్న మారితే, ఆ శబ్దం వేరే నిడివి ఉన్న ఇంకో ప్రింటుది అన్నమాట, మధ్యలో ఏదో కోత పడింది. దాన్ని ముక్కలుగా కోసి కలపడం కన్నా డిస్క్ నుంచి మళ్లీ తీసుకోవడం తేలిక.

చెల్లెలి వీడియోకు కారణం ఫోనే. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను చాలా ఫోన్లు పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫో ప్రోగ్రామ్‌లో ఆ ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటుంది. ఫోన్ ఆ సంగతి తెలిసి సరిగా చూపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అంతటా 30 అని లెక్కేసుకుంటే అక్కడక్కడా తప్పుతుంది. కలిపిన వీడియోను బాగుచేయడానికి ప్రయత్నించకండి. ఫోన్‌లోని అసలు ముక్కలను తీసుకుని, హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో పేజీలో ఫ్రేమ్ రేట్ 30, దాని కింద కాన్‌స్టంట్ అని పెట్టి ఒక్కొక్కటీ మార్చండి, ఆ తర్వాత ఎడిట్ చేయండి. ఇక్కడ మాత్రం మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పదు, నాణ్యత ఒక పిసరు తగ్గుతుంది. అందుకని ఫోన్‌లోని అసలు ఫైళ్లను మాత్రం ఎప్పటికీ తీసేయకండి.

ఇప్పుడు కొనుగోళ్ల సంగతి. సర్వర్ మార్చనక్కర్లేదు. బలం చాలని సర్వర్ వేరేగా ప్రవర్తిస్తుంది: సినిమా ఆగి ఆగి నడుస్తుంది, తెర మీద చక్రం తిరుగుతుంది. సబ్‌టైటిల్స్ అచ్చువేస్తూ కూడా మీది ఆగకుండా నడుస్తోందంటే దానికి కావలసినంత శక్తి ఉంది.

చెల్లెలు చెప్పిన స్ట్రీమర్ ఆలోచన మంచిదే. గదిలోని చప్పుడు కలవకుండా మాట నేరుగా చెవికి చేరుతుంది. కానీ ఒక్కటి ముందే తెలుసుకోవాలి. అది శబ్దానికి ఇంకో దారి, దాని ఆలస్యం దానిది. మీరందరూ సౌండ్‌బార్‌లో వింటూ, నాన్నగారు స్ట్రీమర్‌లో వింటే రెండు దారులూ బొమ్మతో కలవాలి, పైగా ఒకదానితో ఒకటి కలవాలి. యంత్రాల మైకు ద్వారా సౌండ్‌బార్ శబ్దం కూడా ఆయన చెవిలో పడుతుంది కదా. రెండింటి మధ్య 30, 40 మిల్లీసెకన్లు దాటితే మాట ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. పెట్టెలన్నీ శబ్దాన్ని ఆలస్యం చేయగలవే గాని ముందుకు తేలేవు. కాబట్టి అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది ఏదో చూసి, మిగతావన్నీ దాని కోసం ఆగాలి. స్ట్రీమర్ శబ్దం బొమ్మ కన్నా వెనకబడుతుంటే యాప్‌లోని ఆఫ్‌సెట్‌తో శబ్దాన్ని ముందుకు తెచ్చి స్ట్రీమర్‌కు కుదర్చండి. ఫైల్‌ను ముందే చదివి పెట్టుకునే ప్లేయర్‌కు ఒక్కదానికే అది సాధ్యం. తర్వాత సౌండ్‌బార్‌లో అంతే డిలే పెంచి దాన్ని కూడా కలపండి. కొన్ని యాప్‌లలో ప్లస్ అంటే శబ్దం ఆలస్యం, కొన్నిట్లో తిరగబడి ఉంటుంది. ముందు 1000 మిల్లీసెకన్లు పెట్టి ఎటు పోతోందో చూసి మొదలుపెట్టండి. యంత్రాలు ఇచ్చిన ఆడియాలజిస్టును అడిగితే నాన్నగారి యంత్రాల మోడల్‌కు ఏ స్ట్రీమర్ కుదురుతుందో చెబుతారు, కొనే ముందు మీ టీవీ దగ్గర ఒకరోజు పెట్టి చూసే వీలుందేమో కూడా అడగండి. ఈలోగా సౌండ్‌బార్ డిలే సరిచేసి, మాటలను పెంచే మోడ్ ఉంటే ఆన్ చేసి చూడండి. స్ట్రీమర్ అవసరమే రాకపోవచ్చు.

ఈ రాత్రికి అంకెలు సున్నా చేయడం, మోషన్ ఆపడం, సౌండ్‌బార్ డిలే కొలవడం, ఈ మూడే చేయండి. గంట కూడా పట్టదు. డీటీఎస్ సినిమాలు వారాంతానికి ఉంచుకోండి, అందాకా నాన్నగారికి డాల్బీ ట్రాక్ ఉన్నవి పెట్టండి. ఇవన్నీ చేశాక కూడా ఏదైనా సినిమా కుదరకపోతే మళ్లీ రాయండి. అందులో మూడు వివరాలు ఉండాలి: మొదట్లో, నడుమ, చివర తేడా ఎన్ని మిల్లీసెకన్లో, శబ్దం ముందా వెనకా. నడుస్తున్నప్పుడు సర్వర్ చూపించిన ప్లేబ్యాక్ వివరాలు. మీడియాఇన్ఫోలో ఆ ఫైల్‌కు వచ్చిన ఫ్రేమ్ రేట్, ఆడియో వరుసలు.